గోదావరి కింద పాత పగులు: ‘కదలని’ దక్కన్ ఎందుకు కదులుతోంది?

క్లుప్తంగా: 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం ఎక్కడో దారి తప్పి ఇక్కడికి వచ్చినది కాదు. గోదావరి లోయ కింద కోట్ల ఏళ్ల నాటి పగులు ఒకటి ఉంది. సింగరేణి బొగ్గు, నది పట్టిన దారి, భద్రాచలం పక్కన ఇసుకలో ఊరే వేడినీళ్లు, ఎప్పుడో ఒకసారి వచ్చే ప్రకంపనలు, అన్నీ ఆ పగులుతో ముడిపడినవే. దాన్ని ఇప్పుడు నొక్కుతున్న బలాలు మాత్రం ఇక్కడివి కావు. ఒకటి హిమాలయాల దగ్గర, మరొకటి హిందూ మహాసముద్రం నడుమ ఉంది.

ఆ రోజు ఉదయం 7 గంటల 27 నిమిషాలకు నేల కదిలింది. జాతీయ భూకంప కేంద్రం లెక్క ప్రకారం తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు, కేంద్రం మేడారం అడవుల పరిసరాలు. హైదరాబాద్‌లో, విజయవాడలో కూడా జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు. ప్రాణనష్టం జరగలేదు. ఆ వెంటనే అందరి నోటా ఒకటే ప్రశ్న: దక్కన్ పీఠభూమి గట్టి రాయి, ఇక్కడ భూకంపాలు రావని కదా చిన్నప్పుడు చదువుకున్నది?

ఆ పాఠంలో సగం నిజమే. రాయి గట్టిదే, చాలా పాతది కూడా. పాతది కాబట్టి అతుకులు లేకుండా ఉంటుందనుకోవడం దగ్గరే పొరపాటు.

## లోపలి వేడి, పైనున్న పలక

భూమి పుట్టినప్పటి వేడి ఇంకా పూర్తిగా చల్లారలేదు. దానికి తోడు యురేనియం, థోరియం, పొటాషియం వంటి మూలకాలు లోపల క్షీణిస్తూ కొత్త వేడిని పుట్టిస్తూనే ఉన్నాయి. ఆ వేడి బయటికి పోవాలి. భూపటలం కింద ఉన్న ప్రావారం గట్టి రాయే అయినా, ఆ వేడికీ ఒత్తిడికీ అతి నెమ్మదిగా పారుతుంది. వేడెక్కినది పైకి లేస్తుంది, చల్లబడినది కిందికి దిగుతుంది. ఈ పారుదలలో భాగంగానే పైనున్న పలకలు, అంటే భూమి పైపొర విడిపోయిన భారీ రాతి ముక్కలు, కదులుతాయి.

ఆ కదలిక ఊహాగానం కాదు, కొలత. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆవరణలో ఉన్న జీపీఎస్ కేంద్రం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. హైదరాబాద్ దాటి వెళ్లని మనిషి కూడా షష్టిపూర్తి నాటికి పుట్టిన చోటి నుంచి 3 మీటర్లు జరిగి ఉంటాడన్నమాట. ఒక్క హైదరాబాదే కాదు. బెంగళూరు, నాగపూర్, విశాఖ కూడా దాదాపు అదే వేగంతో, అదే దిక్కుకు పోతున్నాయి. ద్వీపకల్పం లోపల ఊరికీ ఊరికీ మధ్య దూరంలో వచ్చే తేడా ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు.

అందరూ కలిసి ఒకే వేగంతో పోతుంటే కుదుపు ఎందుకు? ఇక్కడ రైలును గుర్తు చేసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ముందు అడ్డం ఉండి, వెనక ఇంజను నెడుతున్న రైలులో ఆ ఒత్తిడి ప్రతి బోగీకీ పాకుతుంది. బోగీలకు ఏమీ కాదు, వాటి మధ్యనున్న కప్లింగులే కిర్రుమంటాయి. భారత పలకకు వెనక హిందూ మహాసముద్రం అడుగున కొత్త నేల పుట్టే గట్టు ఉంది. అది నెడుతుంది. ముందు ఆసియా అడ్డంగా ఉంది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మొదలైన ఆ ఢీ ఇంకా ఆగలేదు. హిమాలయాల దగ్గర నేల ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్లు ముడుచుకుంటోంది. ముందూ వెనకా పడుతున్న ఈ ఒత్తిడి మధ్యలో ఉన్న దక్కన్ మొత్తానికీ అందుతుంది. గోదావరి లోయ అలాంటి ఒక కప్లింగు.

## రెండు రాతి దిమ్మెల నడుమ

దక్షిణ భారతం ఒకే బండ కాదు. గోదావరికి నైరుతి వైపు ఉన్నది ధార్వాడ్ దిమ్మె. హైదరాబాద్ గుట్టల గ్రానైటు అందులోదే, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఈశాన్యం వైపు, బస్తర్ అడవుల కింద ఉన్నది బస్తర్ దిమ్మె. ఈ రెండింటి మధ్య వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన బలహీనమైన పట్టీ మీదనే ప్రాణహిత, ఆ తర్వాత గోదావరి పారుతున్నాయి.

ఆ పట్టీ ఒక్కసారి తెరుచుకుని ఊరుకోలేదు. లోయకు రెండు అంచులా కనిపించే పాకాల శ్రేణి రాళ్లు (వరంగల్ వైపు పాకాల చెరువు పేరు మీదే వాటికి ఆ పేరు) వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. అప్పటికే అక్కడ నేల కుంగి, సముద్రపు నీరు చేరి, ఇసుకా సున్నమూ పేరుకున్నాయి. తర్వాత చాలాకాలం అది మూసుకుని ఉంది. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట, భారతం, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా కలిసి ఒకే ఖండంగా ఉన్న రోజుల్లో, అదే చోట మళ్లీ లాగుడు మొదలైంది. ఆ మహాఖండానికి గోండ్వానా అనే పేరు గోండుల నేల నుంచి వచ్చింది. దాని చీలికల్లో ఒకటి ఇప్పుడు గోండులు, కోయలు ఉండే అడవుల కిందుగానే పోవడం ఒక విశేషం.

నేలను రెండు వైపులకు లాగితే ఏమవుతుందో రాతి కమానును చూస్తే తెలుస్తుంది. రెండు పక్కల గోడలూ కొంచెం దూరం జరిగితే నడిమి రాయి పట్టు తప్పి కిందికి జారుతుంది. భూపటలంలోనూ అంతే. రెండు అంచులా ఏటవాలుగా పగుళ్లు పడతాయి. వీటినే భ్రంశాలు అంటారు. నడిమి ముక్క వాటి వెంట కుంగిపోతుంది. అలా ఏర్పడినదే పగులు లోయ.

## కుంగుతూ పోయిన నేల, పేరుకున్న బొగ్గు

సింగరేణి గనుల పేర్లు వరసగా చదివితే చాలు, ఈ పగులు ఎటు పోతుందో తెలుస్తుంది. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, ఇల్లందు, కొత్తగూడెం. ప్రాణహిత–గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవునా ఉన్న ఈ బొగ్గు పట్టీ దాటి అటు కరీంనగర్ గ్రానైటులో తవ్వినా, ఇటు బస్తర్ రాయిలో తవ్వినా బొగ్గు దొరకదు. కారణం నేల కుంగుబాటే.

చెట్లు పడిపోయినంత మాత్రాన బొగ్గు కాదు. గాలి తగిలితే కుళ్లి మట్టిలో కలిసిపోతాయి. అవి బురదలో మునిగి ఉండాలి. ఆ బురద మీద మళ్లీ అడవి పెరగాలి, అదీ మునగాలి. నేల మరీ తొందరగా కుంగితే చెరువై అడవి చస్తుంది. అసలు కుంగకపోతే బురద నిండిపోయి ఎండుతుంది. చెట్లు పెరిగే వేగానికి సరిపడా నేల దిగుతూ పోతేనే మందమైన బొగ్గు పొర ఏర్పడుతుంది. గోదావరి పగులు లోయలో లక్షల ఏళ్లపాటు ఆ లెక్క కుదిరింది. ఆ పొరల అడుగున హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలిన గుండ్రాళ్లు కనిపిస్తాయి. అప్పట్లో ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. ఇప్పుడు ఎండాకాలంలో నిప్పులు కురిసే రామగుండం అడుగున మంచు యుగపు గుర్తులున్నాయంటే నమ్మడం కష్టమే.

కుంగుబాటు బొగ్గుతో ఆగలేదు. పై పొరల్లో డైనోసార్ల ఎముకలు కూడా ఉన్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ఈ లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికినదే. మొత్తం మీద ఈ గుంటలో కొన్ని కిలోమీటర్ల మందాన ఇసుకరాయి, బొగ్గు, బంకరాయి పేరుకున్నాయి.

పగులు సంగతి గని కార్మికులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బొగ్గుబాయిలో సీమ్ (బొగ్గు పొర) వెంట తవ్వుకుంటూ పోతుంటే ఒక్కోచోట అది ఉన్నట్టుండి తెగిపోతుంది. ఎదురుగా రాతిగోడ ఉంటుంది. బొగ్గు పైకో కిందికో జరిగి ఉంటుంది. ‘ఫాల్ట్ తగిలింది’ అంటారు. పాఠ్యపుస్తకం భ్రంశం అనేది దాన్నే.

## సగంలో ఆగిన చీలిక

పగులు లోయలన్నీ ఒక దారిన పోవు. కొన్ని వెడల్పవుతూ పోయి సముద్రాలవుతాయి, కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి. తూర్పు ఆఫ్రికాలోది ఇంకా సాగుతున్న చీలిక. 2005లో ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో సుమారు 60 కిలోమీటర్ల పొడవున నేల తెరుచుకుంది. కొన్ని చోట్ల 8 మీటర్ల దాకా అంచులు దూరం జరిగాయి, అదీ కొద్ది రోజుల్లోనే. కింద నుంచి శిలాద్రవం ఎగదన్నడం వల్ల అది సాధ్యమైంది.

గోదావరి లోయ రెండో రకం. దీనికి అడ్డంగా ఇంకో చీలిక బలపడింది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారతం అంటార్కిటికా నుంచి విడిపోయింది. ఇప్పటి కోస్తా తీరం ఆ తెగిన అంచే. తూర్పు కనుమల్లోని ఖోండలైటు, చార్నకైటు రాళ్లకు జతపడేవి తూర్పు అంటార్కిటికాలో కనిపిస్తాయి. లాగుడంతా తీరం వైపు మళ్లాక గోదావరి పగులుకు పని లేకుండా పోయింది. సముద్రం కాబోయి లోయగా మిగిలింది. తీరపు చీలిక గుంటలు మాత్రం తర్వాత నదులు తెచ్చిన మట్టితో నిండి, కృష్ణా–గోదావరి బేసిన్‌గా చమురుకూ గ్యాసుకూ నెలవయ్యాయి.

ఆగిపోయిన లోయ వృథాగా మాత్రం పోలేదు. నాసిక్ వైపు నుంచి నల్లరాతి నేల మీద తూర్పుకు వచ్చే గోదావరి, ప్రాణహిత కలిసే చోటు దాటాక ఆగ్నేయానికి మళ్లి ఈ పట్టీనే పట్టుకుంటుంది. పక్కనున్న గ్రానైటు కంటే లోయలోని ఇసుకరాయి మెత్తన. నీళ్లకు కోసుకుపోవడం తేలిక. లోయ దాటాక పాపికొండల దగ్గర గట్టి రాయి ఎదురై నది ఎలా ఇరుకున పడుతుందో చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

రాజమండ్రి పరిసరాల్లోని కాతేరు, పంగిడి నల్లరాళ్ల కథ ఇంకా విచిత్రం. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ భారతంలో పొంగిన లావా రసాయన లక్షణాలే ఈ రాళ్లలోనూ ఉన్నాయి. అప్పటి నదీ లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి తూర్పు తీరం చేరిందని శాస్త్రవేత్తల అంచనా. ఇప్పుడు దాన్నే కంకరగా కొట్టి రోడ్లకు వేస్తున్నారు.

## అప్పుడు లాగిన చోటే ఇప్పుడు నొక్కుడు

పగులు పుట్టినప్పుడు పనిచేసింది లాగుడు. ఇప్పుడు పనిచేస్తున్నది దానికి పూర్తిగా వ్యతిరేకమైన నొక్కుడు. అయినా కదిలేది ఆ పగులే. కొత్త రాయిని విరవడం కంటే విరిగి అతుక్కున్న చోట మళ్లీ జార్చడానికి తక్కువ బలం చాలు. ఏనాడో కిందికి జారిన ముక్కను అవే భ్రంశాలు ఇప్పుడు పైకో పక్కకో నెట్టే అవకాశం ఉంటుంది. ఒత్తిడి పేరుకోవడం అతి నెమ్మది కాబట్టి భూకంపాలు హిమాలయాల్లో లాగా తరచుగా రావు. వచ్చినప్పుడు మాత్రం అనుకోని చోట వచ్చినట్టు అనిపిస్తుంది.

మ్యాపు ముందు పెట్టుకుంటే అంత అనుకోనిదేమీ కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం ఈ లోయదే. 1997 మే 22న జబల్‌పూర్‌ను కుదిపిన 5.8 తీవ్రత భూకంపం నర్మదా పట్టీలోది. దాని లోతు కూడా సుమారు 35 కిలోమీటర్లు, ములుగు భూకంపంలాగే భూపటలం అడుగుకు దగ్గర. 2001 జనవరి 26న భుజ్‌ను నేలమట్టం చేసిన 7.7 తీవ్రత భూకంపం కచ్ పగులు లోయలో పుట్టింది. కచ్ పలక అంచుకు దగ్గర కాబట్టి అక్కడ ఒత్తిడి ఎక్కువ, ఆ పరిమాణం ఇక్కడ వస్తుందనడానికి వీల్లేదు. అమెరికా నడిబొడ్డున, మిసిసిపీ నది కింద కూడా ఇలాంటి సగంలో ఆగిన చీలికే ఉంది. 1811–12లో న్యూ మాడ్రిడ్ దగ్గర వరసగా పెద్ద భూకంపాలు వచ్చింది దాని మీదే.

ఈ వివరణకు లొంగని ఉదాహరణ కూడా ఉంది, దాన్ని దాటేయడం సరికాదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో 6.2 తీవ్రతతో నేల కదిలి సుమారు 10 వేల మంది చనిపోయారు. అక్కడ గోదావరి, నర్మదల్లాంటి పేరున్న పగులు లోయ ఏదీ లేదు. ఉన్నదంతా లావా రాయి కప్పేసిన పాత బండ. ఆ కప్పు కింద పగుళ్లు ఎక్కడున్నాయో పైనుంచి కనిపించదు. పాత పగులు ఉన్న చోట ప్రమాదం ఉందనడం ఎంత నిజమో, పగులు కనిపించని చోట ప్రమాదం లేదనలేమన్నదీ అంతే నిజం.

## గనుల వల్లా, డ్యాముల వల్లా?

ములుగు భూకంపం తర్వాత ఎక్కువగా వినిపించిన అనుమానం ఇదే. తేల్చడానికి లోతు చూస్తే చాలావరకు సరిపోతుంది. బొగ్గు గనుల లోతు వందల మీటర్లలో ఉంటుంది. 40 కిలోమీటర్ల కింద జరిగినదానికి పైన కొట్టిన బ్లాస్టింగును తప్పుపట్టడం కుదరదు.

జలాశయాల సంగతి కొంచెం వేరు. నీటి బరువు, పగుళ్లలోకి దిగే నీటి ఒత్తిడి కలిసి భ్రంశాలను కదిలించగలవని మహారాష్ట్రలోని కొయనా చూపించింది. డ్యాము నిండడం మొదలైన కొన్నేళ్లకే, 1967 డిసెంబరులో అక్కడ 6కు మించిన తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇప్పటికీ చిన్న ప్రకంపనలు వస్తూనే ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా 10 కిలోమీటర్ల లోపు పుట్టేవి, జలాశయానికి దగ్గర్లోనే ఉండేవి. ములుగు భూకంపం ఆ కోవకు చెందదు. 2020లో పులిచింతల దగ్గర సూర్యాపేట జిల్లా గ్రామాల్లో జనం పదేపదే విన్న శబ్దాలు, అదే ఏడాది వానల తర్వాత హైదరాబాద్ బోరబండలో వినిపించినవి మాత్రం పైపైన పుట్టిన చిన్న కదలికలు. గ్రానైటు పగుళ్లలోకి నీరు దిగినప్పుడు అలా జరగడం కద్దు. టెన్షన్ పెట్టేంత చప్పుడు వస్తుంది కానీ వాటి శక్తి చాలా తక్కువ.

భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే ఊరే వేడినీళ్లను చూసి కింద అగ్నిపర్వతం ఉందనేవారూ ఉన్నారు. అదేమీ లేదు. భూపటలంలో కిలోమీటరు కిందికి దిగితే వేడి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. లోతైన భ్రంశాల వెంట దిగిన వాన నీరు ఆ వేడి పట్టి, ఇంకో పగులు దారి దొరికినప్పుడు పైకి వస్తుంది. మణుగూరు దగ్గర పగిడేరులో ఇలాంటి నీటితోనే సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టింది.

## ఇకపై ఏమిటి?

తీవ్రత అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన ములుగు 5.3 కంటే కిల్లారి 6.2 దాదాపు 22 రెట్లు పెద్దది. పైగా కిల్లారిది లోతు తక్కువ, ఇళ్లు మట్టితో పేర్చిన రాతి గోడలవి, వాటి మీద బరువైన మట్టి కప్పు, వేళేమో అందరూ నిద్రపోతున్న సమయం. ములుగుది లోతు ఎక్కువ కావడంతో అలలు చాలా దూరం పాకాయి కానీ ఏ ఒక్క ఊరి మీదా మొత్తం దెబ్బ పడలేదు.

అలలు అంత దూరం పోవడానికి దక్కన్ రాయి గట్టిదనమే కారణం. పగిలి నలిగిన నేల అలలను మింగేస్తుంది, గట్టి బండ మోసుకుపోతుంది. చివరికి అవి చేరే చోటి నేలను బట్టి ఫలితం ఉంటుంది. గ్రానైటు మీద ఉన్న హైదరాబాద్‌లో ఊపు తక్కువ, పై అంతస్తుల్లో ఉన్నవారికే ఎక్కువగా తెలుస్తుంది. కృష్ణా, గోదావరి ఒండ్రు మీద లేచిన ఊళ్లలో అదే అల పెద్దదవుతుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న భూకంప జోన్ల మ్యాపులో (జోన్ అంకె పెరిగితే ముప్పు ఎక్కువ) హైదరాబాద్ రెండో జోన్‌లో, భద్రాచలం, విజయవాడ మూడో జోన్‌లో ఉండటానికి గోదావరి పగులు ఒక కారణం. విజయవాడలో ఇప్పుడు లేస్తున్న అపార్టుమెంట్లకు కింది అంతస్తు పార్కింగ్ కోసం స్తంభాల మీదే వదిలేయడం మామూలైంది. 2001లో అహ్మదాబాద్‌లో, భుజ్‌కు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, కూలిన వాటిలో అలాంటి భవనాలు చాలా ఉన్నాయి.

1969కీ 2024కీ మధ్య 55 ఏళ్లు. కాబట్టి తర్వాతది ఇంకో 55 ఏళ్లకు వస్తుందని లెక్కలు కడుతున్నవారున్నారు. ఆ లెక్క నిలవదు. ఈ లోయలో యంత్రాలతో నమోదైన చరిత్రకు నిండా వందేళ్లు లేవు. నొక్కుడు ఇంత నెమ్మదిగా ఉన్న చోట ఒక భ్రంశం మళ్లీ కదలడానికి వేల ఏళ్లు పట్టవచ్చు, పక్క భ్రంశం రేపే కదలవచ్చు. 1969లో కదిలిన ముక్క, 2024లో కదిలిన ముక్క ఒకటి కూడా కావు.